గాజు గ్లాసుల మీద తెల్ల పొర: డిటర్జెంట్ మార్చాలా, రిన్స్ ఎయిడ్ పోయాలా?

బాచుపల్లి_బోరు
అందరికీ నమస్తే. మేం డిష్‌వాషర్ కొని ఏడాది దాటింది. మొదట్లో గ్లాసులు తళతళలాడేవి. ఇప్పుడు తలుపు తీస్తే ప్రతి గాజు గ్లాసూ మజ్జిగ తాగి కడగకుండా వదిలేసినట్టు ఉంటోంది. స్టీలు పళ్ళాల మీద చుక్కలు. ప్లాస్టిక్ డబ్బా మూతల్లో నీళ్ళు అలాగే నిలిచిపోతున్నాయి.

వాడేది ఆల్ ఇన్ వన్ ట్యాబ్లెట్. ఉప్పు, రిన్స్ ఎయిడ్ అన్నీ అందులోనే ఉన్నాయని ప్యాకెట్ మీద రాశారు కాబట్టి విడిగా ఏదీ పోయడం లేదు. నీళ్ళు అపార్ట్‌మెంట్ బోరువి, ఎండాకాలం ట్యాంకరువి. టీడీఎస్ మీటర్ పెడితే 900 చూపిస్తోంది.

పనమ్మాయి మానేశాక మెషీన్ కొందామని పట్టుబట్టింది నేనే. కాబట్టి ఇంట్లో నా పరిస్థితి మీకు చెప్పక్కర్లేదు. ఏ కంపెనీ డిటర్జెంట్ కొంటే ఈ పొర పోతుందో చెప్పి పుణ్యం కట్టుకోండి.

గుంటూరు_గోంగూర
బ్రాండ్ మార్చి చూడండి అన్నయ్యా. ఆన్‌లైన్‌లో ఆఫర్లు పెట్టినప్పుడు పెద్ద ప్యాక్ తీసుకుంటే కలిసొస్తుంది. రిన్స్ ఎయిడ్ పోసే చోట తెల్ల వెనిగర్ పోసినా సరిపోతుందట, మా పిన్ని వాళ్ళు అలాగే చేస్తారు.

కరీంనగర్_కాక
గింత లొల్లి ఎందుకు తమ్మీ. సబ్బు, పీచు పెట్టి తోముకుంటె పది నిమిషాల పని. మిషన్‌కు ఉప్పు పెట్టాల్నట, నిమ్మకాయ పెట్టాల్నట. మనిషికి పెట్టినట్టే పెడుతున్రు.

ఉప్పు_శాస్త్రి
కాకా, మీరు తోమేది ఇద్దరి గిన్నెలు. ఆయనింట్లో ఎంతమందో!

బాచుపల్లి గారూ, బ్రాండ్ సంగతి పక్కన పెట్టండి, ముందు ఒక పరీక్ష చేయండి. తెల్లబడ్డ గ్లాసు ఒకటి తీసుకుని, వెనిగర్ గానీ నిమ్మ ఉప్పు కలిపిన వేడినీళ్ళు గానీ పోసి పావుగంట వదిలేయండి. తర్వాత వేలితో రుద్ది కడగండి. పొర పోతే అది నీళ్ళలోని సున్నం. పోకపోతే గాజే దెబ్బతిన్నట్టు, దానికి మందు లేదు. ఈ రెండిటికీ చేయాల్సిన పనులు పూర్తిగా వ్యతిరేకం. అది తేలకుండా డబ్బాలు మార్చుకుంటూ పోతే ఖర్చు తప్ప ఏమీ ఉండదు.

రెండోది, టీడీఎస్ 900 అన్నారు. ఆ అంకె ఈ సమస్యకు పెద్దగా పనికిరాదు. ఆ మీటర్ నీళ్ళలోంచి కరెంటు ఎంత బాగా పారుతోందో చూసి, కరిగిన లవణాలన్నీ కలిపి ఒక అంచనా వేస్తుంది. అందులో సోడియం ఉందా, కాల్షియం, మెగ్నీషియం ఉన్నాయా అన్నది దానికి తెలీదు. గ్లాసు మీద పొర కట్టేది కాల్షియం, మెగ్నీషియమే. మీకు కావలసింది హార్డ్‌నెస్ అంకె. చుక్కలు వేసి చూసే చిన్న కిట్ దొరుకుతుంది, చేపల తొట్లు అమ్మే షాపుల్లో కూడా ఉంటుంది. భారత ప్రమాణాల సంస్థ తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 లో కూడా ఈ రెండూ వేరువేరు వరసలు: టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాములు, వేరే దారి లేకపోతే 2000 దాకా. మొత్తం హార్డ్‌నెస్ 200, వేరే దారి లేకపోతే 600.

బాచుపల్లి_బోరు
పరీక్ష చేశాను శాస్త్రి గారూ. ఇంట్లో నిమ్మ ఉప్పు ఉంటే అదే కలిపాను. పొర పోయింది! గ్లాసు కొత్తదానిలా ఉంది. అంటే సున్నమేగా? మరి ట్యాబ్లెట్‌లో ఉప్పు ఉందన్నారు కదా, అది ఏం చేస్తున్నట్టు?

ఉప్పు_శాస్త్రి
సున్నమే. గాజు బతికే ఉంది, సంతోషం.

ట్యాబ్లెట్ సంగతి చెబుతా. మెషీన్ ఒకేసారి నీళ్ళు పట్టి కడిగేయదు. ముందొక తడుపు, ఆ నీళ్ళు బయటికి. తర్వాత డిటర్జెంట్‌తో అసలు ఉతుకు, అవీ బయటికి. ఆ తర్వాత జాడింపులు. చివరి జాడింపు వేడి నీళ్ళతో, ఆ వేడికే గిన్నెలు ఆరతాయి. ట్యాబ్లెట్ పడేది అసలు ఉతుకులో. అందులో ఉండే సిట్రేట్ లాంటి పదార్థాలు ఆ నీళ్ళలోని కాల్షియాన్ని పట్టి ఉంచుతాయి. కానీ ఆ నీళ్ళు మురుగులోకి పోయేటప్పుడు ఆ పదార్థాల్లో చాలా భాగం నీళ్ళతోనే పోతుంది. చివర్లో గ్లాసుల మీద చల్లేవి మళ్ళీ మీ బోరు నీళ్ళే, పట్టి ఉంచేవాడు లేకుండా. అవి ఆరితే మిగిలేది సున్నమే కదా.

మెషీన్ అడుగున ఉండే ఉప్పు తొట్టి పని వేరు. అక్కడ రెజిన్ పూసలుంటాయి. లోపలికొచ్చే నీళ్ళన్నీ ముందు వాటి మీదుగా పోతాయి. పూసలు కాల్షియం, మెగ్నీషియం తీసుకుని బదులుగా సోడియం వదుల్తాయి. కొన్నాళ్ళకు పూసలు నిండిపోతాయి, అప్పుడు ఉప్పునీళ్ళు పంపి వాటిని కడిగి మళ్ళీ సోడియం ఎక్కిస్తుంది మెషీన్. కాబట్టి ఉప్పు గిన్నెల మీద పడేది కాదు, పూసలు కడగడానికి. ఉప్పు లేకపోతే పూసలు ఉన్నా లేనట్టే, జాడింపు నీళ్ళతో సహా అన్నీ హార్డ్ వాటరే.

ఆల్ ఇన్ వన్ ట్యాబ్లెట్లు మోసమని అనను. మామూలు హార్డ్‌నెస్ దాకా బాగానే పనిచేస్తాయి. మెషీన్ పుస్తకాల్లో దీనికి సాధారణంగా 21 జర్మన్ డిగ్రీల (హార్డ్‌నెస్‌కి ఇంకో కొలత) హద్దు రాస్తారు. ఒక జర్మన్ డిగ్రీ అంటే లీటరుకు 17.8 మిల్లీగ్రాములు, కాబట్టి దాదాపు 375. దానికి పైన ఉప్పు విడిగా పోయాల్సిందే.

డాలస్_బావగారు
శాస్త్రి గారు చెప్పింది ఇండియా మెషీన్లకు కరెక్ట్. అమెరికాలో మెషీన్లలో చాలావాటికి ఉప్పు తొట్టే ఉండదు. మా దగ్గర నీళ్ళు హార్డే, కాబట్టి డిటర్జెంట్, రిన్స్ ఎయిడ్ మీదే బండి నడవాలి.

ఇక్కడ పాతవాళ్ళు ఇప్పటికీ చెప్పుకునే కథ ఒకటుంది. ఒకప్పుడు డిష్‌వాషర్ పౌడర్లలో ఫాస్ఫేట్ ఉండేది. అది కాల్షియాన్ని గట్టిగా పట్టేసేది, గ్లాసులు మెరిసేవి. కానీ ఆ నీళ్ళు చెరువుల్లో కలిసి నాచు పెరిగిపోతోందని 2010 జులై నుంచి 16 రాష్ట్రాల్లో భాస్వరం (ఫాస్ఫేట్‌లో ఉండేది అదే) అర శాతం మించకూడదన్నారు. కంపెనీలు రాష్ట్రానికో రకం తయారు చేయలేక దేశమంతా మార్చేశాయి. దాంతో నిషేధం లేని టెక్సస్‌లో కూడా గ్లాసులు తెల్లబడ్డాయని జనం గోల పెట్టారు, మెషీన్ చెడిపోయిందని రిపేరుకి పిలిచినవాళ్ళూ ఉన్నారు. యూరప్‌లో 2017 జనవరి నుంచి ఒక్కో డోసుకి 0.3 గ్రాముల భాస్వరం హద్దు పెట్టారు. ఇప్పటి ట్యాబ్లెట్లలో ఆ స్థానంలో కాల్షియాన్ని పట్టి ఉంచే సిట్రేట్లు, ఎంజీడీఏ లాంటి రసాయనాలు వాడుతున్నారు. పాత రోజులంత కాకపోయినా ఇవి నయమే.

ఇంకోటి, అమెరికాలో ఉన్నవాళ్ళకు మాత్రమే. ఇక్కడ మెషీన్‌కి వేడినీళ్ళ పైపే కలుపుతారు. స్టార్ట్ చేసే ముందు పక్క సింక్‌లో కుళాయి తిప్పి వేడినీళ్ళు వచ్చేదాకా వదలండి. లేకపోతే మొదటి తడుపు పైపులో చల్లారిన నీళ్ళతోనే అయిపోతుంది.

సియాటెల్_చెల్లెలు
నాది తిరగబడిన సమస్య. మా ఊరి నీళ్ళు చాలా సాఫ్ట్. అయినా గ్లాసులు పొగమంచు పట్టినట్టు అయ్యాయి. నిమ్మ ఉప్పు, వెనిగర్, బేకింగ్ సోడా అన్నీ అయ్యాయి, చెక్కు చెదరలేదు. వెలుతురులో పెట్టి చూస్తే అంచుల దగ్గర ఇంద్రధనుస్సు రంగులు కనిపిస్తాయి.

ఉప్పు_శాస్త్రి
అదేనమ్మా గాజు దెబ్బతినడం అంటే. సాఫ్ట్ వాటర్, ఎక్కువ డిటర్జెంట్, ఎక్కువ వేడి, ఈ మూడూ కలిస్తే డిటర్జెంట్‌లోని క్షారం గాజు పైపొరను మెల్లగా తినేస్తుంది. హార్డ్ వాటర్‌లో క్షారం కొంత కాల్షియంతో సరిపెట్టుకుంటుంది, మీ నీళ్ళలో అదీ లేదు. ఆ గ్లాసులు ఇక అంతే. కొత్తవాటికి డిటర్జెంట్ సగానికి తగ్గించండి, ట్యాబ్లెట్ కుదరదు కాబట్టి పౌడర్‌కి మారండి. వేడి తక్కువుండే ప్రోగ్రామ్ పెట్టండి. గిన్నెలు ముందే కడిగి పెట్టే అలవాటుంటే మానండి.

సియాటెల్_చెల్లెలు
కడిగి పెట్టకపోతే ఎలా? పప్పు ఎండిపోయి పళ్ళానికి పట్టేస్తుంది కదా.

సర్వీసు_సూరి
నేను డిష్‌వాషర్లు రిపేరు చేస్తుంటాను, దీని మీద నన్ను మాట్లాడనివ్వండి. కంపెనీ పేర్లు అడక్కండి, అందరికీ చేస్తాను.

మెతుకులు, ఎముకలు, మామిడి టెంక, కరివేపాకు చెత్తబుట్టలో దులపండి. అంతే. కుళాయి కింద పెట్టి కడగక్కర్లేదు. ఇప్పటి డిటర్జెంట్లలో ఎంజైములుంటాయి. అమైలేజ్ గంజిని, ప్రోటియేజ్ గుడ్డు, పప్పు, పాల మరకల్ని కరిగిస్తుంది. అన్నం మెతుకు ఎండి పళ్ళానికి సిమెంటులా పట్టినా అమైలేజ్‌కి సమయం ఇస్తే ఊడదీస్తుంది. సమయం అన్నది ముఖ్యం. అరగంట ప్రోగ్రామ్‌లో ఎంజైముకి పని మొదలుపెట్టే వ్యవధే ఉండదు, ట్యాబ్లెట్ కూడా పూర్తిగా కరగదు. తొందర ప్రోగ్రామే కావాలంటే పౌడర్ వాడండి.

దోసెపిండి గిన్నె ఒక్కటి మాత్రం కాస్త నీళ్ళు పోసి ఉంచండి, అది ఎండితే నాకే చిరాకు.

నేను వెళ్ళిన ఇళ్ళలో డిటర్జెంట్ తప్పు అనుకున్నవాటిలో ఎక్కువ భాగం డిటర్జెంట్ తప్పు కాదు. అడుగున ఫిల్టర్ తీస్తే ఆవాలు, కరివేపాకు ఈనెలు, జీడిపప్పు ముక్క, ఒకసారి ముక్కుపుడక మర కూడా. ఆ ఫిల్టర్ గుండా వచ్చిన నీళ్ళే మళ్ళీ మళ్ళీ గిన్నెల మీద పడేది. తర్వాతది, డిటర్జెంట్ డబ్బా మూతకి ఎదురుగా పెద్ద పళ్ళెం పెడతారు. మూత తెరుచుకోదు, ట్యాబ్లెట్ సగం కరిగి అక్కడే జిగురులా ఉంటుంది. ట్యాబ్లెట్‌ని డబ్బాలో కాకుండా అడుగున పడేసేవాళ్ళు కూడా ఉన్నారు, అది మొదటి తడుపులోనే కరిగి మురుగులోకి పోతుంది. అసలు ఉతుక్కి మిగిలేది వట్టి నీళ్ళు.

గోంగూర గారూ, రిన్స్ ఎయిడ్ డబ్బాలో వెనిగర్ పోయొద్దు. అక్కడ రోజుల తరబడి నిలవుంటుంది, రబ్బరు భాగాలు పాడవుతాయి.

గుంటూరు_గోంగూర
అయ్యో. పిన్నికి ఇప్పుడే ఫోన్ చేస్తున్నా.

వైజాగ్_వదిన
రిన్స్ ఎయిడ్ ఎందుకో నాకు మొదట్లో అర్థం కాలేదు, కంపెనీవాళ్ళు ఇంకో సీసా అంటగడుతున్నారనుకున్నా. ఇప్పుడది లేకపోతే మెషీన్ వేయను. అది సబ్బు కాదు. చివరి జాడింపులో కొన్ని చుక్కలు పడతాయి. గాజు మీద నీళ్ళు ముత్యాల్లా నిలబడకుండా పలచటి పొరలా జారిపోతాయి. చుక్క నిలబడకపోతే ఆరాక మచ్చ ఉండదు కదా. చాలావాటిలో సిట్రిక్ యాసిడ్ కూడా ఉంటుంది.

డబ్బా మూత దగ్గర 1 నుంచి 6 దాకా అంకెలుంటాయి (మా దాంట్లో). నీళ్ళ చుక్కలుంటే పెంచాలి, గ్లాసు మీద నీలంగా చారలొస్తే, నురగొస్తే తగ్గించాలి. ఒక్కో మెట్టు మార్చి కొన్నిసార్లు వేసి చూడండి, ఒక్కసారే చివరికి తిప్పొద్దు.

ప్లాస్టిక్ డబ్బాలు ఆరకపోవడం మాత్రం రిన్స్ ఎయిడ్ పోసినా పూర్తిగా పోదండీ. స్టీలు, పింగాణీ చివరి జాడింపు వేడిని పట్టి ఉంచుకుంటాయి, ఆ వేడికి ఆరతాయి. ప్లాస్టిక్ వెంటనే చల్లారిపోతుంది. ప్రోగ్రామ్ అయ్యాక తలుపు కాస్త తెరిచి వదిలేయండి, మూతలు వాలుగా పెట్టండి. ఇంతకంటే మార్గం లేదు.

సముద్రపు ఊళ్ళలో ఉన్నవాళ్ళకు ఇంకో మాట: పౌడర్ గాలి తగలకుండా మూత బిగించే డబ్బాలో పెట్టండి. ఈ చెమ్మకి రెండు వానలు పడితే చాలు, గడ్డకట్టి కూర్చుంటుంది. సింక్ కింద పెట్టనే పెట్టొద్దు. చిన్నపిల్లలున్న ఇంట్లో అయితే మరీనూ. ట్యాబ్లెట్లు చాక్లెట్లలా మెరుస్తుంటాయి, లోపల ఉండేది క్షారం, నోట్లో పెడితే కాలుతుంది. పై అరలో, తాళం ఉంటే తాళంలో పెట్టండి.

బాచుపల్లి_బోరు
కిట్ వచ్చింది. గొట్టంలో మా బోరు నీళ్ళు పోసి రంగు మందు వేస్తే ద్రాక్ష రంగు. ఆ తర్వాత రెండో సీసాలోంచి చుక్కలు. ఒక్కో చుక్కకీ ఊపుతూ చూస్తే రంగు మారదే! మా అబ్బాయి లెక్కపెడుతూ విసుగొచ్చి వెళ్ళిపోయాడు. వంకాయ రంగులోకి తిరిగి, ఇంకొక్క చుక్కకి ఒక్కసారిగా నీలం అయింది. లెక్క కడితే 480. అత్తగారింట్లో మంజీరా నీళ్ళు పట్టి చూస్తే దీంట్లో సగం కూడా లేదు.

మరి ఉప్పు తొట్టిలో మామూలు కళ్ళుప్పు పోయొచ్చా? సూపర్‌మార్కెట్లో డిష్‌వాషర్ ఉప్పు ధర చూస్తే ఉప్పుకి ఇంతా అనిపించింది.

కరీంనగర్_కాక
ఉప్పు ఉప్పే కదా. దానికి గూడ బ్రాండా?

ఉప్పు_శాస్త్రి
రసాయనం ఒకటే కాకా, సోడియం క్లోరైడ్. తేడా దాంతో పాటు వచ్చేవాటిలో. సముద్రం నుంచి తీసిన కళ్ళుప్పులో కొంత మెగ్నీషియం, కాల్షియం, కొంచెం మట్టి ఉంటాయి. వానాకాలం జాడీలో కళ్ళుప్పు చెమ్మగిల్లేది ఆ మెగ్నీషియం వల్లే. ఏ మెగ్నీషియాన్ని వదిలించడానికి పూసలు కడుగుతున్నామో దాన్నే తెచ్చి పోయడం ఎందుకు? అడుగున మట్టి పేరుకుంటే తొట్టి విప్పి కడగడం సూరి గారి పని అవుతుంది. ప్యాకెట్లో వచ్చే మెత్తటి అయొడైజ్డ్ ఉప్పు కూడా వద్దు. అది గడ్డకట్టి దారి మూస్తుంది, అందులో గడ్డకట్టకుండా కలిపే పదార్థాలు వేరే. డిష్‌వాషర్ ఉప్పు శుద్ధి చేసిన ముతక పలుకు, అంతే దాని గొప్ప. ఏ కంపెనీదైనా ఒకటే, చవకైంది తీసుకోండి. ఇక్కడ మాత్రం బ్రాండ్‌కి డబ్బు పెట్టొద్దని నా మాట.

480 ని 17.8 తో భాగిస్తే 27 జర్మన్ డిగ్రీలు. మీ మెషీన్ పుస్తకంలో హార్డ్‌నెస్ పట్టిక ఉంటుంది. హెచ్0 నుంచి హెచ్7 దాకా ఉండే మెషీన్లలో 22 నుంచి 30 డిగ్రీలకి సాధారణంగా హెచ్6. మీది వేరే రకమైతే అంకె మారుతుంది, పుస్తకం చూసే పెట్టండి. ఉప్పు పోయడం ఒక్కటే చాలదు, ఈ సెట్టింగ్ చేయకపోతే పూసల్ని ఎప్పుడు కడగాలో మెషీన్‌కి తెలీదు.

సర్వీసు_సూరి
ఉప్పు పోసేటప్పుడు: మొట్టమొదటిసారి తొట్టి నిండా నీళ్ళు పోసి, తర్వాత గరాటు పెట్టి ఉప్పు. నీళ్ళు పొంగి బయటికొస్తాయి, కంగారొద్దు, అలాగే రావాలి. మూత గట్టిగా తిప్పి బిగించండి. చుట్టూ పడిన పలుకులు తుడిచి వెంటనే ఒక ప్రోగ్రామ్ వేసేయండి. రాత్రంతా ఉప్పునీళ్ళు స్టీలు మీద ఉంటే తుప్పు పడుతుంది. ఉప్పు పోశాక గ్లాసులు ఉప్పగా, తెల్లగా వస్తే మూత వదులుగా ఉన్నట్టే.

బాచుపల్లి అన్నా, ఇంకో మాట. కొన్ని మెషీన్లలో ట్యాబ్లెట్ వాడుతున్నామని చెప్పే ఆప్షన్ ఉంటుంది. అది నొక్కితే ఉప్పు దీపం, రిన్స్ ఎయిడ్ దీపం వెలగవు. బిగించడానికి వచ్చినవాళ్ళు చాలాసార్లు అది నొక్కేసి పోతారు, ఎవరూ ఫోన్ చేసి అడగకుండా. ఒకసారి చూడు.

బాచుపల్లి_బోరు
నొక్కే ఉంది! హార్డ్‌నెస్ కూడా ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే మధ్యలో ఉంది. బిగించిన మనిషి నీళ్ళు ఏంటని అడగనే లేదు. ఆప్షన్ తీసేయగానే రెండు దీపాలూ ఎర్రగా వెలిగాయి.

మియాపూర్_మేడమ్
మధ్యలో దూరుతున్నా, ఏమీ అనుకోకండి. మా అపార్ట్‌మెంట్‌కి కింద పెద్ద సాఫ్ట్‌నర్ ఉంది. కిట్‌తో చూస్తే హార్డ్‌నెస్ 60 వచ్చింది, టీడీఎస్ మాత్రం వెయ్యికి దగ్గర. సాఫ్ట్‌నర్ మోసమని అసోసియేషన్ మీటింగ్‌లో పెద్ద గొడవైంది. గ్లాసుల మీద సన్నటి మచ్చలు మాకూ ఉన్నాయి. ఆర్వో నీళ్ళు పెట్టొచ్చా మెషీన్‌కి?

ఉప్పు_శాస్త్రి
సాఫ్ట్‌నర్ మోసం కాదమ్మా, బాగానే పనిచేస్తోంది. అది కాల్షియాన్ని తీసి సోడియం పెడుతుంది, మొత్తం లవణం తగ్గదు. కాబట్టి టీడీఎస్ అలాగే ఉంటుంది. మీ మచ్చలు తడిగుడ్డతో తుడిస్తే పోతాయి చూడండి, నిమ్మ ఉప్పు అక్కర్లేదు. అవి సోడియం లవణాలు. వాటికి రిన్స్ ఎయిడ్ ఒక మెట్టు పెంచడం, తలుపు త్వరగా తెరవడం, అంతే. మెషీన్‌లో హార్డ్‌నెస్ కనిష్ఠానికి దించండి, ఉప్పు వృథా అవుతోంది.

ఆర్వో మంచినీళ్ళు పెడితే బంగారమే కానీ అంత నీళ్ళు తీయడానికి మీ ఆర్వో బయటికి పారబోసే నీళ్ళు లెక్కేసుకోండి. ఆ పారబోసే నీళ్ళు వృథా కాకుండా మెషీన్‌కి పెడదామని కొందరు పైపు కలుపుతారు. ఆ పని మాత్రం వద్దు, లవణాలన్నీ పోగుపడేది అందులోనే.

మియాపూర్_మేడమ్
మా పక్కింటివాళ్ళు కలిపే ఉన్నారు. చెప్పాలా వద్దా అని ఆలోచిస్తున్నా.

తణుకు_బుజ్జి
మాకు గ్లాసులు బాగానే వస్తున్నాయి గానీ టీ కప్పుల్లో చారలు పోవట్లేదండి. జెల్ వాడుతున్నాం. అల్యూమినియం కుక్కర్ పెడితే లోపలంతా నల్లబడిపోయింది. ప్లాస్టిక్ డబ్బాలు పసుపు పచ్చగా, ఒక గరిటె అయితే ఎర్రగా తయారైంది. అది ఏ వింతో!

వైజాగ్_వదిన
బుజ్జీ, జెల్ మానెయ్యి. టీ మరకలకి బ్లీచ్ గుణం ఉండాలి. పౌడర్లలో, ట్యాబ్లెట్లలో సోడియం పెర్కార్బోనేట్ ఉంటుంది, నీళ్ళు తగలగానే ఆక్సిజన్ వదిలి మరకని కొడుతుంది. తడిగా ఉండే జెల్‌లో అది నిలవుండదు, అందుకే జెల్స్‌లో ఉండదు. కప్పులకి పౌడర్‌తో వేడి ప్రోగ్రామ్ ఒకటి వేసి చూడు.

కుక్కర్ మాత్రం లోపల పెట్టకు. డిటర్జెంట్ క్షారానికి అల్యూమినియం నల్లబడుతుంది. ఇడ్లీ రేకులు కూడా స్టీలువైతేనే. ఇనప పెనం, ఇత్తడి, రాగి చెంబులు, చెక్క గరిటెలు అన్నీ చేత్తోనే.

పసుపు ఎర్రబడటం వింతేం కాదు, పారాణికి పసుపులో సున్నం కలిపితే ఏమవుతుంది? క్షారం తగిలితే పసుపు ఎర్రగా అవుతుంది, డిటర్జెంట్ కూడా క్షారమే. ప్లాస్టిక్‌లో నూనెతో పాటు లోపలికి ఇంకిన పసుపుని ఏ డిటర్జెంటూ లాగలేదు. డబ్బాలు ఎండలో పెట్టు, ఎండకి పసుపు రంగు విరిగిపోతుంది. 

తణుకు_బుజ్జి
సరే వదినా. మా ఆయన కుక్కర్‌ని నిమ్మకాయ చెక్కలేసి ఉడకబెడుతున్నారు, నలుపు కాస్త తగ్గింది.

కరీంనగర్_కాక
మా బిడ్డ ఇంటికి పోయినప్పుడు డిటర్జెంట్ అయిపోయిందని సింక్ కాడున్న గిన్నెల లిక్విడ్ పోసి మిషన్ ఏసిన. వంటిల్లంత నురగ. బిడ్డ వచ్చి నన్ను ఏమనలే, మిషన్‌ను చూసి ఏడ్సింది.

సర్వీసు_సూరి
కాకా, ఇప్పుడర్థమైంది మీకు మిషన్ అంటే ఎందుకు కోపమో. డిష్‌వాషర్ డిటర్జెంట్‌లో నురగ రాకుండా చేస్తారు, నురగొస్తే నీళ్ళు చల్లే రెక్కలకి ఒత్తిడి రాదు, అడుగుకి నీళ్ళు చేరి లీకేజీ ఎర్రర్ చూపిస్తుంది. అలా అయితే మెషీన్ ఆపి, నురగ గుడ్డతో తీసేసి, లోపల కాస్త ఉప్పు చల్లి, వట్టి జాడింపు వేయండి. మళ్ళీ నురగొస్తే మళ్ళీ జాడింపు.

నిర్వాహకులు
మధ్యలో ఒక సభ్యుడు పెట్టిన అమ్మకపు లింకు తీసేశాం. ఇక్కడ సరుకు అమ్మకూడదు, వాడిన అనుభవం రాయండి.

బాచుపల్లి_బోరు
అప్‌డేట్. ముందు ఖాళీ మెషీన్‌లో నిమ్మ ఉప్పు వేసి వేడి ప్రోగ్రామ్ ఒకటి వేశాను (డిటర్జెంట్ లేకుండా, సూరి గారు విడిగా మెసేజ్‌లో చెప్పారు). లోపలి గోడల మీద ఇన్నాళ్ళూ స్టీలు రంగే అలా ఉంటుందనుకున్న మసక పోయింది. ఉప్పు పోశాను, హార్డ్‌నెస్ పెంచాను, రిన్స్ ఎయిడ్ 4 లో పెట్టాను. ఫిల్టర్‌లో దొరికినవి రాయను.

గ్లాసులు మెరుస్తున్నాయి. పాత పొర ఉన్నవాటిని నిమ్మ ఉప్పు నీళ్ళలో నానబెట్టి ఒకసారి తీసేశాను, మళ్ళీ రాలేదు. మూతల్లో నీళ్ళు మాత్రం ఇంకా ఉన్నాయి, తలుపు తెరిచి పెడుతున్నాం. డిటర్జెంట్ బ్రాండ్ మార్చనే లేదు.

ఒక సందేహం. ట్యాబ్లెట్లు ఇంకా అర డబ్బా ఉన్నాయి. ఉప్పు, రిన్స్ ఎయిడ్ విడిగా పోస్తున్నప్పుడు ఇవి కూడా వాడితే ఏమన్నా అవుతుందా? అయిపోయాక పౌడరా, ట్యాబ్లెట్టా?

ఉప్పు_శాస్త్రి
ఏమీ కాదు, వాడేయండి. నురగ గానీ నీలం చారలు గానీ కనిపిస్తే రిన్స్ ఎయిడ్ ఒక మెట్టు దించండి. అయిపోయాక పౌడర్ తీసుకోండి. నీళ్ళు మెషీనే సాఫ్ట్ చేస్తోంది కాబట్టి ట్యాబ్లెట్‌లో ఆ పనికి పెట్టే డబ్బు ఇక అక్కర్లేదు. నేను కొనేవాటిలో పౌడర్ ఖర్చు ట్యాబ్లెట్‌లో దాదాపు సగం పడుతుంది, గ్లాసులు, పళ్ళాలే ఉన్న రోజు తక్కువ వేయొచ్చు, బిర్యానీ గిన్నెలున్న రోజు ఎక్కువ వేయొచ్చు.

డాలస్_బావగారు
పౌడర్‌కి ఇంకో లాభం. అసలు డబ్బాలో వేసే పౌడర్ కాకుండా ఒక చెంచా తలుపు లోపలి వైపు చల్లితే మొదటి తడుపుకి కూడా డిటర్జెంట్ దొరుకుతుంది. నూనె గిన్నెలకి చాలా తేడా కనిపిస్తుంది. ట్యాబ్లెట్‌తో ఇది కుదరదు.

సర్వీసు_సూరి
నూనె గిన్నెల రోజు మాత్రమే బావగారూ, రోజూ వద్దు. బాచుపల్లి అన్నా, ఆ మిగిలిన ట్యాబ్లెట్లు కడాయిలున్న రోజుకి దాచుకో, 70 డిగ్రీల పెద్ద ప్రోగ్రామ్‌లో వెయ్యి. ఎండాకాలం ట్యాంకరు నీళ్ళు మొదలయ్యాక కిట్ మళ్ళీ తీసి చూడు, అంకె మారితే సెట్టింగ్ మార్చు.

బాచుపల్లి_బోరు
అలాగే. మా బ్లాకులో ఇంకో ముగ్గురికి ఇదే మెషీన్ ఉంది, వాళ్ళ దీపాలు కూడా వెలగట్లేదట. కిట్ వాళ్ళకిచ్చాను.